రెండు రెక్కల తలుపు

జూన్ 3

చెల్లెలికి,

మన చిన్నోణ్ని నా టైర్ల షాపులో పట్టా మీద పడుకోబెట్టి ఉండగా, లారీ డ్రైవర్లంతా చూస్తుండగా, నువ్వు నా చొక్కా పట్టుకుని, "నువ్వే చంపావు, గొడ్డు చాకిరీ చేయించి నా తమ్ముణ్ని చంపావు" అన్నావు. పందొమ్మిదేళ్ళయింది. ఇందాకే అన్నట్టుంది నాకు. తమ్ముడు నీ ఒక్కదానికేనా? నాకు కాడా?

అంతటితో ఆగావా? ఎందుకు పోయాడో కోసి చూద్దామని డాక్టరు అంటే, వాడి ఒంటి మీద కత్తి పడనివ్వనని అడ్డం పడుకున్నావు. ఆ రోజు కోసి ఉంటే నేను చంపానో లేదో ఆ రోజే తేలేది. నింద వేసింది నువ్వే, అది తేలకుండా చేసింది కూడా నువ్వే. నేను మాత్రం మోస్తూ ఉండాలి.

నీ గొంతు మళ్ళీ విననని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ జాకీకి ఇచ్చేశాను. జాకీ అంటే ఎవరో నీకు తెలుసుగా, చిన్నోడి కూతురే. చక్రం కింద చెయ్యి పెట్టిందంటే జాకీ అక్కర్లేదని డ్రైవర్లు పెట్టిన పేరు. ఇప్పుడు షాపంతా దానిదే. నేను ఊరికే అరుస్తుంటాను.

ఇప్పుడు నీ కార్డు వచ్చింది. క్షేమమా అని లేదు, ఏమీ లేదు. "ఆ రోజు చిన్నోడు ఏం ఎత్తాడు? ఎలా పడిపోయాడు? ఉన్నదున్నట్టు వెంటనే రాయి." అంతే. ఏంటిది, విచారణా? ఇన్నేళ్ళ తరవాత పోలీసులు నిన్ను పంపారా? ఏం ఎత్తాడో నేను రాయాలి, నువ్వు దాన్ని తూకం వేయాలి, శిక్ష ఖాయం చేయాలి. అంతేనా?

నేను రాయను. రాయొద్దని కూడా ఒట్టు పెట్టుకోకపోవడం నాదే పొరపాటు.

నా రాత బాగోలేదంటావేమో. టైరు మీద సుద్దతో నంబర్లు వేసే చెయ్యి ఇది. జాకీ రాసిపెడతానంది. వద్దన్నాను. మన గొడవ దాని చేతిలో పెట్టడం దేనికి.

అన్న


జూన్ 14

అన్నయ్యకు నమస్కారం.

ఆ కార్డు ఆస్పత్రిలో వరసలో నిలబడి, ముందున్నావిడ వీపు మీద పెట్టి రాశాను. ఆవిడ కదిలితే అక్షరం కదిలింది. క్షేమం అడగడం మర్చిపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను. క్షేమమేనా?

విచారణ కాదు. చెప్తాను, కోప్పడకుండా చదువు.

నేను కుట్టే కర్టెన్ల కొట్టులో నిచ్చెన ఎక్కితే ఆయాసం వస్తోంది. వయసులే అనుకున్నాను. కొట్టు యజమానురాలు వినలేదు, తీసుకెళ్ళి గుండెకి ఎకో తీయించింది. అందులో బయటపడింది. గుండెలోంచి ఒంటికంతా రక్తం తీసుకుపోయే పెద్ద గొట్టం ఒకటుందట. డాక్టరమ్మ దాన్ని బృహద్ధమని అంది. నాకు నోరు తిరగదు, గొట్టం అనే అంటాను. ఆ గొట్టం మొదట్లో ఒక తలుపు. గుండె నొక్కినప్పుడల్లా తెరుచుకోవాలి, రక్తం పోయాక మూసుకోవాలి. దానికి మూడు రెక్కలు ఉండాలట. నాకు రెండే ఉన్నాయి. పుట్టుకతోనే.

"ఇంటి తలుపుకి రెండు రెక్కలుంటే చాలుగా డాక్టరమ్మా, గుండెకి మూడెందుకు?" అన్నాను. ఆవిడ నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

రెండు రెక్కలున్నా చాలామంది ఏమీ తెలీకుండానే బతికేస్తారట. కాకపోతే ఆ సందులోంచి రక్తం తిన్నగా రాదు, గొట్టం పక్క గోడకి కొడుతుంది. పైగా అలాంటి వాళ్ళకి ఆ గోడ కూడా పుట్టుకతోనే బలహీనం కావచ్చట. తలుపుది, గోడది ఒకే లోపం అంది. అందుకని గొట్టం నెమ్మదిగా ఉబ్బుతుంది. నాది యాభై రెండు మిల్లీమీటర్లు. ముప్పై, ముప్పై అయిదు ఉండాల్సింది. బాగా ఉబ్బితే ఒక రోజు లోపలి పొర చిరుగుతుంది. చిరిగితే మనిషి మిగలడం కష్టం.

సాధారణంగా ఇంకొంచెం పెరిగేదాకా చూస్తారట. కానీ ఇంట్లో ఎవరైనా అలా చిరిగి పోయి ఉంటే ఆగరు, వెంటనే ఆపరేషన్ చేస్తారు. "మీవాళ్ళలో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్ళున్నారా?" అని అడిగింది. ముప్పై ఆరేళ్ళకి మా తమ్ముడు అన్నాను. "ఎలా? ఏ పని చేస్తూ? నొప్పి ఎక్కడన్నాడు?" అంది. నాకు తెలీదు. నేను వచ్చేసరికి పట్టా మీద ఉన్నాడు. చూసింది నువ్వొక్కడివే.

అందుకే అడిగాను. అది తేలితే నాకు కొయ్యాలో, ఆగాలో తేలుతుంది.

ఇంకో మాట. ఇది ఒకే కడుపున పుట్టినవాళ్ళకి, వాళ్ళ పిల్లలకి ఉండే వీలుందట. నువ్వూ, జాకీ తప్పకుండా ఎకో తీయించుకోవాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

నీ చెల్లెలు


జూన్ 24

చెల్లెలికి,

ఉత్తరం మూడుసార్లు చదివాను. అర్థం కాలేదని కాదు.

ఉబ్బు గురించి నాకు చెప్తున్నావా? నలభై ఏళ్ళు టైర్లతో బతికినవాణ్ని. గోడకి బుడగ వచ్చిందంటే లోపల దారాలు తెగినట్టే. పైకి రబ్బరు బాగానే ఉంటుంది, నున్నగా, ముద్దుగా. చక్రాలు తిన్నగా లేని బండికి టైరు ఒక పక్కే అరుగుతుంది. మీ డాక్టరమ్మ చెప్పింది అదేగా? బుడగ వచ్చిన టైరుకి ప్యాచ్ వెయ్యరు. తీసి పారేస్తారు. నీకు ఎవరూ చెప్పకపోతే నేను చెప్తున్నాను.

అయితే ఒక సంగతి. బుడగ వచ్చిన టైరు వాపసు తీసుకెళితే కంపెనీ మనిషి ఏనాడూ తప్పు ఫ్యాక్టరీదని ఒప్పుకోడు. నువ్వు లోడు ఎక్కువ వేశావంటాడు. గుంతలో దింపావంటాడు. ఇన్నేళ్ళూ నా విషయంలో నువ్వు కంపెనీ మనిషివి. ఇప్పుడు పుట్టుకతోనే అంటున్నావు. అంటే ఫ్యాక్టరీ తప్పేగా? అయితే ఆ ముక్క కాగితం మీద పెట్టు. "అన్నయ్యా, తమ్ముణ్ని నువ్వు చంపలేదు" అని నీ చేత్తో రాసి పంపు. అది నా చేతికి అందాక ఆ రోజు సంగతి రాస్తాను. ముందు నీది, తరవాత నాది.

ఎకో నాకెందుకు? డెబ్భై రెండు నడుస్తోంది. లారీ చక్రాలు ఎత్తి ఎత్తి ఈ ఒళ్ళు గట్టిపడింది. ఉబ్బేదైతే ఎప్పుడో ఉబ్బేది. జాకీకి ఇంకా చెప్పలేదు. చెప్తే రేపటినుంచి చక్రం ముట్టుకోవడానికి భయపడుతుంది. భయపడే చేతిలోంచే చక్రం జారేది.

ఇక్కడ ఎండగా ఉంది. కంప్రెసరు పాతదైంది, ఒకటే దగ్గు. రెండు రోజులుగా దాని పక్కనే కూర్చుంటున్నాను, ఏ పనీ చెయ్యబుద్ధి కావడం లేదు. టీ తెచ్చి పెడితే చల్లారిపోతోంది. ఒంట్లో బాగాలేక కాదు.

అన్న


జూలై 5

అన్నయ్యకు,

తీసి పారేస్తారన్నావు. సరే. అరవై ఆరేళ్ళ టైరు, రెండు రెక్కల తలుపు, ఎవరికి పనికొస్తుంది? నేనైనా అదే అనుకున్నాను. కాకపోతే నీ చేతిరాతలో చదువుతానని అనుకోలేదు.

బాధపడి రాయడం లేదు. ఈ మధ్య నాకు ఏదీ తగలడం లేదు. డాక్టరమ్మ ఆ సంగతులన్నీ చెప్తుంటే కిటికీ కొలతలు వింటున్నట్టే విన్నాను. ఇంత వెడల్పు, ఇంత పొడవు, మడతకి ఇంత వదలాలి. ఇంటికొచ్చి అన్నం వండుకుని తిన్నాను. మా ఆయన పక్కగదిలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాడు. నేనేమో ఆయన చొక్కాకి గుండీ ఊడింది చూసి, సూదిలో దారం ఎక్కించుకుని కూర్చున్నాను.

నువ్వడిగిన ముక్క రాయలేను. డాక్టరమ్మని అడిగాను. నీకోసమే అడిగాను. "మా తమ్ముడికీ ఇదే ఉండి ఉంటే మా అన్నయ్య తప్పు లేనట్టేగా?" అన్నాను. "లోపం పుట్టుకతో వచ్చి ఉండొచ్చు. అది ఏ రోజు చిరగాలో బరువు ఎత్తడం, రక్తపోటు నిర్ణయించి ఉండొచ్చు. రెండూ అయి ఉండొచ్చు, ఏదీ కాకపోవచ్చు. అప్పుడు కోసి చూడలేదు కాబట్టి ఎవరూ చెప్పలేరు" అంది. కోయనివ్వనిది నేనే. అందుకని "చంపావు" అని రాయలేను, "చంపలేదు" అని కూడా రాయలేను. తెలియనిది తెలిసినట్టు ఒకసారి అన్నాను, చాలు.

నువ్వు ఆ రోజు సంగతి రాయనన్నావని డాక్టరమ్మకి చెప్పాను. అయితే ఆరు నెలలు ఆగి మళ్ళీ తీసి చూద్దామంది. మాత్రలిచ్చింది. సంచులు మొయ్యొద్దు, ముక్కొద్దు, కోపం తెచ్చుకోవద్దు అంది. నీ ఉత్తరం రేపు చదువుదామని నేను ఒక రోజు పక్కన పెట్టింది అందుకే.

జాకీకి నేనే విడిగా రాశాను. తిట్టుకో. దాని గుండె నువ్వు దాచిపెట్టడానికి నీది కాదు.

నీ చెల్లెలు


జూలై 17

చెల్లెలికి,

ముందు ఒకటి చెప్పనీ. పారేస్తారన్నది టైరుని. తీసి కొత్తది వేస్తారు, అదీ నేనన్నది. ప్యాచీలూ మాత్రలూ నమ్ముకుని కూర్చోకు, ఆ చెడిపోయిన ముక్క తీయించేసుకో అని. చెల్లెల్ని పారేస్తానని ఎవడైనా రాస్తాడా? రాసేవాణ్నే అయితే పందొమ్మిదేళ్ళ కిందే రాసేవాణ్ని. ఆరు నెలలు ఆగుతావట. బుడగ టైరుతో ఆరు నెలలు ఏ పిచ్చివాడు తోలతాడు?

జాకీ నీ ఉత్తరం తెచ్చి నా ముందు పడేసింది. "ఏంటి పెదనాన్నా, ఇది ఎన్నాళ్ళ నుంచి తెలుసు?" అంది. రెండు వారాలన్నాను. "మా నాన్న ఎలా పోయాడంటే వేడిచేసి అని చెప్పావు. నేను అందరికీ అదే చెప్పుకున్నాను. ఇప్పుడు ఇది కూడా వేడే అనేవాడివా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. షట్టరు దించి, "పద, నువ్వు పడుకుంటేనే నేనూ పడుకుంటా" అంది. నీ పోలికే.

ఆస్పత్రిలో ముందు దాన్ని పడుకోబెట్టారు. చల్లటి జిగురేదో రాసి చేతిమిషను ఆనించాడు కుర్రాడు. బొమ్మలో తలుపు కనపడింది. మూడు రెక్కలు. తెరుచుకుంటే మూడు మూలల సందు, మూసుకుంటే మూడు ఊచల చక్రం. గొట్టం మామూలుగా ఉంది. జాకీకి ఏమీ లేదు. ఇది రాయడానికే ముందు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తరవాత నేను. కుర్రాడు చేతిమిషను అటూ ఇటూ జరిపి చూశాడు. పెద్ద డాక్టర్ని పిలిచాడు. నాదీ రెండే. చేప నోరు తెరిచి మూసినట్టు ఉంది. గొట్టం నలభై రెండు. ఏడాదికోసారి చూపించుకోవాలి, బరువులు ఇక ముట్టుకోకూడదు. డాక్టర్ని అడిగాను, "వాడికంటే ఎక్కువ చక్రాలు నేను ఎత్తాను. వాడిది చిరిగితే నాది ఎందుకు చిరగలేదు?" అని. "తెలీదు తాతా" అన్నాడు. అంత చదువుకున్నవాడు తెలీదన్నాడు. నాకు ఏమీ అనిపించలేదు. చొక్కా వేసుకుంటుంటే గుండీలు ఒకటి పైకి పోయాయి, జాకీ సరిచేసింది.

ఇక నువ్వడిగింది. నీ ముక్క రాకుండానే రాస్తున్నాను. నీకోసం కాదు, డాక్టరమ్మకి చదివి వినిపించు.

పొద్దున. లారీ వెనక చక్రం. నట్లు నేను విప్పాను. టైరు దొర్లించుకెళ్ళి మిషను మీదికి ఎత్తాలి, అది ఇద్దరి పని. నేను చేతులు తుడుచుకుంటున్నాను. "ఆగు, వస్తున్నా" అన్నాను. అన్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అన్నానో లేదో ఇప్పుడు ఖాయంగా చెప్పలేను. వాడు ఒక్కడే ఎత్తాడు. సగం ఎత్తి వదిలేశాడు. రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు, ఆ చెయ్యి వెనక్కి తీసుకెళ్ళి రెండు భుజాల మధ్య అందుకోబోయాడు. "అన్నా, వీపులో ఏదో చిరిగింది, చూడు" అన్నాడు.

నేను వెనక్కి వెళ్ళి చూశాను. నువ్వు కుట్టిన నీలం గళ్ళ చొక్కా. ఎక్కడా చిరగలేదు. "చొక్కాకేం కాలేదురా. మీ అక్క కుట్టు, అంత తేలిగ్గా ఊడదు" అన్నాను. వాడు నవ్వాడు. నవ్వి అక్కడే టైరు మీద కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. మంచినీళ్ళడిగాడు. కుండ దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి తల గోడకి ఆన్చి ఉంది. నీళ్ళ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలీక చాలాసేపు పట్టుకునే నిలబడ్డాను.

అంతే. ఇందులో ఏం తూకం వేస్తావో వేసుకో.

అన్న


జూలై 27

అన్నయ్యకు,

డాక్టరమ్మకి చదివి వినిపించాను. "వీపులో ఏదో చిరిగింది" దగ్గర ఆపమంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మీ తమ్ముడు తన జబ్బు తానే చెప్పాడమ్మా" అంది. అదే అని ఒట్టేసి చెప్పలేనంది కానీ ఇక ఆగేది లేదంది. ఆగస్టు పదకొండున ఆపరేషన్.

ఉబ్బిన గొట్టం కోసి, ఆ చోట గుడ్డ గొట్టం కుడతారట. రెండు రెక్కల తలుపు కూడా తీసేసి కొత్తది పెడతారు. కుట్టినంతసేపూ గుండె ఆగే ఉంటుందట, రక్తాన్ని మిషను నడిపిస్తుంది. ఆ గుడ్డ చూపించమన్నాను. ఇలాంటిది ఎవరూ అడగలేదని నవ్వి నమూనా ముక్క తెప్పించింది. దగ్గర నేత. వంచినా నొక్కుకుపోకుండా పొడుగునా సన్నని ముడతలు పెట్టారు. వేళ్ళతో రెండు పక్కలా లాగి చూశాను. గుడ్డ మంచిదే. నూలు కాదు.

నువ్వు రాసింది రోజూ చదువుతున్నాను. ఆ నీలం గళ్ళ చొక్కాకి వీపు మీద అతుకు ఉంది, గుడ్డ చాలక వేశాను. అదే ఊడిందనుకున్నాడేమో. ఏడుపు వస్తుందని కూర్చున్నాను. రాలేదు. అన్నం దించాల్సిన టైమైంది, లేచాను.

పారెయ్యడం సంగతి నాకు ముందే తెలిసుండాలి. నీకు మాట తిన్నగా రాదు, గోడకి కొట్టే వస్తుంది.

నువ్వడిగిన ముక్క ఇప్పటికీ రాయలేను. నేనొకటి అడుగుతాను. పదో తారీఖున ఆస్పత్రిలో చేరతాను. ఆ సాయంత్రం ఒకసారి ఫోన్ చెయ్యి. ఒట్టు సంగతి నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

నీ చెల్లెలు


ఆగస్టు 2

చెల్లీ,

ఫోన్ చెయ్యను. ఒట్టు ఒట్టే. జాకీ వస్తుంది. పదో తారీఖు పొద్దునకల్లా నీ దగ్గర ఉంటుంది, నువ్వు లేచి తిరిగేదాకా అక్కడే ఉంటుంది. షాపుకి తాళం. డ్రైవర్లు తిట్టుకుంటే తిట్టుకోనీ. నేను వద్దామంటే ఆ బస్సులో సామాను ఎత్తొద్దన్నారు, కూర్చున్నా కుదుపొద్దన్నారు. ఇద్దరం పనికిరాని బండ్లమయ్యాం. ఒకరి కోసం ఒకరం జాకీ ప్రాణం తోడేస్తున్నాం.

ఇన్నాళ్ళూ చక్రాల మధ్య కూర్చుని ఒకటే ఆలోచించాను, మన ముగ్గురి గురించి. ఒకే కడుపు. నాదీ నీదీ తలుపులు ఒకే రకం, వాడిదీ అదే అయి ఉంటుంది. ఒకడు పోయాడు, ఒకదానికి కోస్తున్నారు, ఒకడు కుర్చీలో కూర్చుని గాలి మీటరు చూస్తున్నాడు. ఎందుకో ఎవరికీ తెలీదు. ఇంత తెలిశాక కోపమైనా రావాలి, దుఃఖమైనా రావాలి. కంప్రెసరు నిండి ఆగిపోయాక షాపులో ఒక నిశ్శబ్దం ఉంటుంది చూడు, అలా ఉంది.

కుట్టేటప్పుడు నీలాగా రెండు వరసలు వేస్తారా అని డాక్టరమ్మని అడుగు. ఒక వరస చాలంటే ఒప్పుకోకు. నువ్వు అతుకు వేసిన చోట ఎప్పుడూ చిరగలేదు. ఆ చొక్కా నా దగ్గరే ఉంది. పట్టా మీంచి ఎత్తేటప్పుడు తీసి దాచాను. వీపు ఇప్పటికీ గట్టిగా ఉంది. జాకీ చేత పంపుతున్నాను, చూసుకో.

ఇక చివరిది, ఇది బాగా చదువు. ఆపరేషన్ పదకొండున. లేచి కూర్చోవడానికి పది రోజులు పడుతుందనుకుంటాను. కలం పట్టుకోవడానికి ఇంకో రెండు. ఉత్తరం రావడానికి నాలుగు. ఆగస్టు ఇరవై ఎనిమిది సాయంత్రం, టపా మనిషి వెళ్ళిపోయేలోగా నీ చేతిరాత నా చేతికి అందాలి. జాకీ రాస్తే చెల్లదు. మీ ఆయన రాస్తే చెల్లదు. నువ్వు చెప్తుంటే ఇంకొకరు రాసినా చెల్లదు, నీ అక్షరం నాకు తెలుసు. నేనడిగిన ముక్క రాయకపోయినా ఫరవాలేదు. "నువ్వే చంపావు" అనే మళ్ళీ రాస్తావా, రాయి. పెద్ద అక్షరాలతో రాయి. నేనేమీ అనను.

ఇరవై ఎనిమిది దాటిందంటే నేనే ఫోన్ చేస్తాను. పందొమ్మిదేళ్ళు కాపాడుకున్న ఒట్టు నీవల్ల చెడుతుంది. చెడనియ్యకు. రాయి.

అన్న